ఎనిమిది వారాల ఎగురుడు శిక్షణ: సుద్దముక్క చెప్పిన లెక్క

గత వేసవిలో, కాలువలు కట్టేసి పంట బోదెలన్నీ నెర్రెలు విచ్చిన రోజుల్లో, భీమవరంలోని ఒక వ్యాయామ శిక్షణ కేంద్రం బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల కోసం ఎనిమిది వారాల ప్రత్యేక శిక్షణ పెడితే మా అమ్మాయినీ, మా మేనల్లుడినీ అందులో చేర్పించాను. రుసుము ఒక్కొక్కరికి 6,500 రూపాయలు. వారానికి నాలుగు రోజులు, ఉదయం ఐదున్నర నుంచి ఏడింటి వరకు. అమ్మాయికి పదహారేళ్లు, మేనల్లుడికి పదిహేడు. ఇద్దరూ తమ తమ కళాశాల జట్లలో ఆడుతున్నారు. నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పిల్లలను దింపి ఊరికే కూర్చోవడం చేతకాక ప్రతిరోజూ ఒక మూల కుర్చీ వేసుకుని, చూసినదంతా పుస్తకంలో రాసుకున్నాను. ఈ సమీక్షకు ఆధారం ఆ పుస్తకమే. కేంద్రం పేరు మాత్రం రాయడం లేదు. ఇందులోని లోపాలు ఆ ఒక్కచోటికే పరిమితమైనవని నేననుకోవడం లేదు. పైగా, నేను ఎత్తిచూపిన వాటిలో కొన్నింటిని నిర్వాహకులు అప్పటికప్పుడే సరిదిద్దుకున్నారు.

మమ్మల్ని అక్కడికి లాక్కెళ్లింది ఒక కరపత్రం. దాని మీద అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏకు చెందిన ఆటగాడొకడు మోచేయి ఉంగరం (బుట్టకు ఉండే ఇనుప వలయం) దాటేంత ఎత్తుకు లేచి బంతిని బుట్టలోకి కుక్కుతున్న బొమ్మ, ఆ బొమ్మ కింద "ఎనిమిది వారాల్లో 12 అంగుళాలు అదనం" అన్న హామీ ఉన్నాయి. పన్నెండు అంగుళాలంటే 30 సెంటీమీటర్లు. చేరేనాటికి మా అమ్మాయి నిలుచున్నచోట నుంచి ఎగరగలిగినది మొత్తం కలిపి 30 సెంటీమీటర్లే. అంటే ఆ హామీ ప్రకారం రెండు నెలల్లో ఆమె ఎగురుడు రెట్టింపు కావాలి. ఎత్తు రెట్టింపు కావాలంటే నేలను వదిలే క్షణంలో శరీరానికి అందే శక్తి కూడా రెట్టింపు కావాలని నేను తరగతిలో ఏటా చెప్పే పాఠమే చెబుతుంది. అనుమానం వచ్చిన మాట నిజం. అయినా పిల్లల ఉత్సాహం ముందు తండ్రి లెక్కలు నిలవవు కనుక డబ్బు కట్టేశాను.

కరపత్రం మీది ఆ ఎగురుడు అసలు ఎంతటిదో తెలిస్తే తప్ప ఈ శిక్షణ ఇచ్చినదాన్ని న్యాయంగా తూచలేము. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను మొదలుపెట్టినప్పుడు, పీచ్ పండ్ల బుట్టలను వ్యాయామశాల వసారా కమ్మీకి కొట్టించాడు. ఆ కమ్మీ పది అడుగుల ఎత్తున ఉంది. అంతే, నేటికీ ఉంగరం ఎత్తు అదే, 3.05 మీటర్లు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ముందు జరిగే పరీక్షల్లో రెండు రకాల ఎగురుళ్లు కొలుస్తారు. ఒకటి నిలుచున్నచోట నుంచి, రెండోది కొద్ది అడుగుల పరుగుతో. నిలబడి చేయి పైకెత్తితే అందే ఎత్తును ముందుగా కొలిచి, ఎగిరి తాకిన ఎత్తులోంచి దాన్ని తీసివేస్తారు. మిగిలినదే ఎగురుడు. 2021లో కియాన్ జాన్సన్ అనే ఆటగాడు పరుగుతో 48 అంగుళాలు, అంటే 122 సెంటీమీటర్లు ఎగిరి ఆ పరీక్షల్లో కొత్త రికార్డు నెలకొల్పాడు. అంతకుముందు 2001 నుంచి కెన్నీ గ్రెగరీ పేరున ఉన్న రికార్డు 45.5 అంగుళాలు. ఇరవై ఏళ్ల పాటు, ప్రపంచం నలుమూలల నుంచి ఏరి తెచ్చిన ఆటగాళ్ల మధ్య రెండున్నర అంగుళాలు పెరగడానికి పట్టిన కాలం అది. మన కరపత్రం పన్నెండు అంగుళాలకు రెండు నెలలు చాలన్నది.

ఆ 122 సెంటీమీటర్లు ఎగిరినవాడు గాలిలో ఎంతసేపుంటాడని మేనల్లుడు నన్నడిగాడు. మూడు నాలుగు సెకన్లని వాడి ఊహ. టీవీలో నెమ్మదిగా తిప్పి చూపించే దృశ్యాలు చేసిన మాయ అది. లెక్క వేస్తే సెకనుకు ఒక వెంట్రుకవాసి తక్కువే వస్తుంది. అయినా ఆ ఆటగాళ్లు గాలిలో ఆగినట్టు మనకు కనిపించడం వట్టి భ్రమ కూడా కాదు. పైకి వెళ్లేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి, గాలిలో గడిపే కాలంలో సరిగ్గా సగం ఎగురుడులోని పై పావు భాగంలోనే గడుస్తుంది. జాన్సన్ విషయంలో ఆ పై 30 సెంటీమీటర్లలోనే అర సెకను. మా అమ్మాయి మొత్తం ఎగిరి దిగడానికి పట్టే కాలమూ అర సెకనే! ఈ సంగతి చెప్పినప్పుడు ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే నేను వాళ్ల పైభాగం మాత్రం ఎగురుతున్నానన్నమాట, నాన్నా" అంది.

శిక్షణలో నాకు వెలితిగా తోచిన మొదటి సంగతి ఇక్కడే ఉంది. బుట్టను అందుకోవడంలో ఎగురుడు పాత్ర ఎంత, పుట్టుకతో వచ్చిన శరీర నిర్మాణం పాత్ర ఎంత అన్నది పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పలేదు. రూడీ గోబేర్ అనే ఫ్రెంచి ఆటగాడు నిలబడి చేయి ఎత్తితేనే 9 అడుగుల 7 అంగుళాలు అందుతుంది. ఉంగరాన్ని తాకడానికి అతడికి కావలసింది ఐదు అంగుళాలు, మా వీధి అరుగు ఎత్తులో సగం కూడా ఉండదు. మరోవైపు 1986లో డల్లాస్‌లో జరిగిన డంక్ (బంతిని పైనుంచి ఉంగరంలోకి కుక్కడం) పోటీ గెలిచిన స్పడ్ వెబ్ ఎత్తు దాదాపు అయిదున్నర అడుగులు. మా మేనల్లుడి కన్నా పొట్టివాడు. ఓడించినది ఎవరినో కాదు, అంతకు ముందటేడు ఆ పోటీ గెలిచిన తన జట్టు సహచరుడు డొమినిక్ విల్కిన్స్‌ను. బంతిని ఉంగరంలోకి కుక్కిన పని ఇద్దరిదీ ఒకటే కావచ్చు కానీ, ఎగురుడుగా చూస్తే గోబేర్‌దీ వెబ్‌దీ పోల్చదగినవి కావు. మా మేనల్లుడు చేయెత్తితే 231 సెంటీమీటర్లు అందుతాడు. ఉంగరాన్ని వేళ్లతో తాకాలంటే వాడికి 74 సెంటీమీటర్లు, బంతిని పైనుంచి కుక్కాలంటే సుమారు 90 సెంటీమీటర్లు కావాలి. ప్రతి పిల్లవాడికీ మొదటి రోజే ఇలా ఎవరి లెక్క వారికి రాసిచ్చి ఉంటే, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలిసేది. దానికి కావలసింది గోడ, టేపు, పది నిమిషాల ఓపిక.

ఇక శిక్షణ సంగతి. శిక్షకుడు ముప్పై అయిదేళ్లలోపు యువకుడు, ఒకప్పుడు విశ్వవిద్యాలయ జట్టుకు ఆడినవాడు. అతడికి పని వచ్చు. మొదటి రెండు వారాలు ఎవరినీ ఎగరనివ్వలేదు. గుంజీల వంటి కసరత్తులు, ఒంటికాలి మీద నిలబడడం, మడమలెత్తి దించడం, తాడాట, ఇవే. పిల్లలు విసుక్కున్నారు గానీ నాకు ముచ్చట వేసింది. మూడో వారంలో చేతుల ఊపు నేర్పాడు. నడుము మీద చేతులు పెట్టుకుని ఒకసారి, చేతులు వెనక్కి లాగి పైకి విసురుతూ ఒకసారి ఎగరమన్నాడు. మా అమ్మాయికి ఆ రెండింటి మధ్య నాలుగు సెంటీమీటర్ల తేడా వచ్చింది. ఏ కసరత్తూ చేయకుండా, కేవలం చేతులను సరిగా వాడుకోవడం వల్ల దక్కిన లాభమది. ఆ తరువాత పరుగులోని చివరి రెండు అడుగులు: చివరి దానికి ముందుది పొడవుగా వేస్తూ ఒంటిని కొద్దిగా దించి, ఆఖరుది పొట్టిగా వేసి, ముందుకు పోయే వేగాన్ని పైకి మళ్లించడం.

ఈ మళ్లింపులోని కిటుకును అతడు చెప్పిన తీరు నాకు గుర్తుండిపోయింది. కండరాన్ని, దాన్ని మడమకు కట్టిపడేసే నరాన్ని (మనం వాడుకలో నరమంటాం గానీ అది స్నాయువు) వేగంగా సాగదీసి వెంటనే వదిలితే, సాగడంలో దాచుకున్న శక్తి తిరిగి వస్తుంది. వంగి, ఆగి, ఆలోచించి ఎగిరితే ఆ శక్తి వేడిగా ఆవిరైపోతుంది. "బోదె దాటేటప్పుడు గట్టు మీద ఆగావంటే నీళ్లలోనే పడతావురా, ఆగకుండా వచ్చినవాడే అవతలికి పోతాడు" అన్నాడు. డెల్టాలో పుట్టిన పిల్లలకు ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు. ఆ రోజు ఇంటికి వచ్చి నేను కూడా పెరట్లో ప్రయత్నించాను. ఫలితం ఈ సమీక్షకు సంబంధించినది కాదు.

మొత్తం ఎనిమిది వారాల్లో ఇచ్చిన డబ్బుకు తగిన విలువ ఒక్కచోట దక్కిందంటే అది దిగడం నేర్పడంలో. మన భాషలో ఎగరడం వేరు, దూకడం వేరు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాటతో సరిపెడతారు. శిక్షణ రుసుము వసూలు చేసింది ఎగరడానికి, ఉపయోగపడింది దూకడానికి. నేల తాకేటప్పుడు మోకాళ్లు ఒకదానివైపు ఒకటి వంగకూడదని, ముందు మునివేళ్లు, ఆ వెనుక మడమ, తరువాత మోకాలు, తుంటి వరుసగా వంగాలని, చప్పుడు వినిపించకుండా దిగాలని రోజూ పావుగంట చేయించాడు. వెనుక నిలబడి కళ్లు మూసుకుని చప్పుడు వినేవాడు. "బస్తా పడ్డట్టు పడకు తల్లీ, పిల్లి దిగినట్టు దిగు" అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

దీని వెనుక లెక్క తేలికైనది. 36 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడిన శరీరం ఆరు సెంటీమీటర్లలో ఆగిపోతే కాళ్ల మీద పడే సగటు బలం ఒంటి బరువుకు ఏడు రెట్లు. అదే శరీరం మోకాళ్లు వంచి 36 సెంటీమీటర్ల మేర మెల్లగా ఆగితే రెండు రెట్లే. ఇక 122 సెంటీమీటర్ల నుంచి దిగేవాడు నేలను తాకే వేగం గంటకు 17 కిలోమీటర్ల పైమాటే. ఒక ఆటలో అనేకసార్లు, తరచుగా ఒంటికాలి మీద, పక్కన మరొకడు తోస్తూండగా అలా దిగాలి. ఎన్‌బీఏ వారి ఎగురుడును మెచ్చుకునే మనం ఆ దిగుడును చూడనే చూడం. ఆ శరీరాలు చెల్లించే మూల్యమూ తక్కువది కాదు. డొమినిక్ విల్కిన్స్‌కు 1992లో, కోబీ బ్రయంట్‌కు 2013లో, కెవిన్ డురాంట్‌కు 2019లో మడమ వెనుక ఉండే అదే స్నాయువు తెగింది. ముగ్గురూ మళ్లీ ఆడారు. విల్కిన్స్ అయితే దాదాపు మునుపటిలాగే ఎగిరాడు.

ఇంత జాగ్రత్త నేర్పిన శిక్షకుడే అయిదో వారంలో పెట్టెలు తెప్పించడం నాకు మింగుడుపడలేదు. స్థానిక వడ్రంగి చేత చేయించిన 45 సెంటీమీటర్ల చెక్క పెట్టెల మీది నుంచి కిందికి దూకి, నేల తాకీ తాకగానే మళ్లీ పైకి ఎగరాలి. ఈ పద్ధతిని సోవియట్ శిక్షకుడు యూరీ వెర్ఖోషాన్‌స్కీ 1960లలో అభివృద్ధి చేశాడు. బాగా బలం చేకూరిన క్రీడాకారుల కోసం, పరిమితంగా వాడవలసిన పద్ధతి అది. ఇక్కడ పదమూడేళ్ల పిల్లల దగ్గర నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల దాకా అందరికీ ఒకే ఎత్తు పెట్టె, ఒకే లెక్కన నలభై దూకుళ్లు. కింద నేల సిమెంటు. దాని మీద పరిచిన రబ్బరు పట్టా బొటనవేలి గోరంత మందం. రెండో రోజుకే మేనల్లుడికి మోకాలిచిప్ప కింద నొప్పి మొదలైంది. "ఏం కాదు మావయ్యా, అలవాటైపోతుంది" అని వాడు కుంటుతూనే చెప్పాడు. భీమవరంలోనే ఒక ఫిజియోథెరపిస్టుకు చూపిస్తే, ఎగిరే ఆటలాడేవారికి తరచుగా వచ్చే స్నాయువు నొప్పే అని చెప్పి పది రోజులు ఎగరవద్దన్నారు. నేను వెళ్లి శిక్షకుడితో మాట్లాడాను. అతడు వాదించలేదు. "పొరపాటేనండి మాస్టారూ, పెద్ద బ్యాచి కదాని అందరికీ ఒకటే పెట్టేశాను" అన్నాడు. మరుసటి వారం నుంచి చిన్నపిల్లలకు పెట్టెలు తీసేశారు, పెద్దవాళ్లకు దూకుళ్లు పదిహేనుకు తగ్గించారు. పట్టా మాత్రం మారలేదు.

ఇక అసలు తగవు కొలతల దగ్గర వచ్చింది. కేంద్రంలో ఒక విద్యుత్తు చాప ఉంది. దాని మీది నుంచి ఎగిరి మళ్లీ దాని మీదే దిగితే గాలిలో గడిపిన కాలాన్ని కొలిచి, దాన్నిబట్టి ఎత్తు లెక్కకట్టి అంకెల్లో చూపిస్తుంది. పరికరంలో తప్పు లేదు. కాలాన్ని అది సరిగానే కొలుస్తుంది. కానీ ఎగిరినప్పుడు కాళ్లు ఎంత నిటారుగా ఉన్నాయో దిగేటప్పుడూ అంతే నిటారుగా ఉన్నాయని దాని నమ్మకం. దిగేటప్పుడు మోకాళ్లు మడిచి పెట్టుకుంటే పాదాలు ఆలస్యంగా నేలను తాకుతాయి, ఆ ఆలస్యాన్ని చాప ఎత్తుగా లెక్కవేస్తుంది. గాలిలో 0.55 సెకను ఉంటే 37 సెంటీమీటర్లు, 0.60 సెకను ఉంటే 44. కన్ను రెప్ప వేసేపాటి కాలం కూడా కాదది, ఏడు సెంటీమీటర్లు ఊరికే వచ్చిపడతాయి. మొదటి రోజు ఏమీ తెలియని పిల్లలు కాళ్లు చాపుకుని దిగారు. ఎనిమిదో వారానికి మోకాళ్లు వంచి మెత్తగా దిగడం నేర్చుకున్నారు, అదీ ఆ శిక్షకుడు నేర్పినదే. అంటే బాగా నేర్చుకున్న పిల్లలకే దొంగ సెంటీమీటర్లు ఎక్కువగా చేరాయి. ఇందులో ఎవరూ మోసం చేయాలనుకున్నారని నేననను. అయితే ఆ అంకెలనే ధ్రువపత్రాల మీద అచ్చువేసి ఇవ్వడం తగదని చెప్పాను.

చెప్పి ఊరుకోక, నా కొలత నేను తీసుకున్నాను. డడ్లీ సార్జెంట్ అనే అమెరికా వ్యాయామ విద్యావేత్త 1921లో ప్రచురించిన పరీక్ష ఇప్పటికీ అతడి పేరుతోనే చెలామణిలో ఉంది. వేళ్లకు సుద్ద రాసుకుని, గోడ పక్కన నిలబడి అందినంత ఎత్తున ఒక గుర్తు, ఎగిరి ఇంకొక గుర్తు పెట్టాలి. రెండింటి మధ్య దూరం కొలవాలి. మా ఇంటి వెనుక గోడ మీద చేరిన రోజూ, ముగిసిన రోజూ మూడేసిసార్లు ఎగిరించి, వాటిలో మంచిదాన్ని రాసుకున్నాను. చాప ప్రకారం మా అమ్మాయి 31 నుంచి 44కు పెరిగింది. సుద్ద ప్రకారం 30 నుంచి 36. మేనల్లుడు, పది రోజుల విశ్రాంతి పోనూ, పరుగుతో 58 నుంచి 63కు వచ్చాడు. ఉంగరానికి ఇంకా 11 సెంటీమీటర్ల కింద ఉన్నాడు.

ఆరు సెంటీమీటర్లు, అయిదు సెంటీమీటర్లు. వీటిని తక్కువగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఎనిమిది వారాల్లో అమ్మాయి తన ఎగురుడులో అయిదో వంతు పెంచుకుంది. రీబౌండ్‌కు, అంటే బుట్టలో పడక వెనక్కి వచ్చే బంతికి, ఎగిరే ఇద్దరి మధ్య ఆ మాత్రం తేడాయే బంతి ఎవరిదో తేలుస్తుంది. ఈ సంఖ్యలనే నిజాయితీగా అచ్చువేసి ఉంటే నేను ఇదే రుసుము సంతోషంగా కట్టి ఉండేవాణ్ణి. త్వరగా ముడుచుకునే కండరపు పోగులు ఎవరికెన్ని ఉన్నాయన్నది చాలావరకు పుట్టుకతో వచ్చేది. దాని మీద చిన్ననాటి నుంచి చేసే ఏళ్ల తరబడి సాధన చేరితే జాన్సన్ వంటివారు తయారవుతారు. వేసవి సెలవుల శిక్షణను ఆ బొమ్మ పక్కన నిలబెట్టింది కరపత్రం వేసినవారే తప్ప పిల్లలు కారు.

చిన్న చిన్న సంగతులు మరికొన్ని. గోడలనిండా మగ ఆటగాళ్ల బొమ్మలే. ముప్పైమందిలో తొమ్మిదిమంది ఆడపిల్లలున్న బ్యాచిలో ఇది నాకు నచ్చలేదు. అమ్మాయిలు ఆడే బంతి కొంచెం చిన్నదే అయినా ఉంగరం ఎత్తు అదే పది అడుగులని, 1984లోనే జార్జియాన్ వెల్స్ కళాశాల ఆటలో డంక్ చేసిందని, 2002లో లీసా లెస్లీ అమెరికా మహిళల వృత్తి లీగులో తొలి డంక్ చేసిందని చెబితే, శిక్షకుడు మరునాడే లెస్లీ వీడియో తెచ్చి ఫోనులో అందరికీ చూపించాడు. ఆ పూట అమ్మాయిలు ఎగిరిన తీరు వేరు. ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది ఉంది, శుభ్రంగానే ఉంది. తాగునీళ్లు చల్లగా ఉండవు. కరెంటు పోతే జనరేటరు లేదు, మే నెల ఉక్కలో అది శిక్షే. బల్ల దగ్గర ప్రోటీన్ పొడి డబ్బాలు పెట్టి అమ్ముతారు. కొనమని బలవంతమేమీ లేదు గానీ, రొయ్యలకూ చేపలకూ పేరుపడ్డ ఊళ్లో పిల్లలకు మాంసకృత్తులు డబ్బాలోంచి తీసి పెట్టాలా అని అడిగితే అక్కడి కుర్రాడు, "ఆయ్, నిజమేనండి" అని నవ్వి డబ్బాను కొద్దిగా వెనక్కి జరిపాడు.

పిల్లలను పంపదలచిన తల్లిదండ్రులకు నా సలహా ఇది. పదిహేనేళ్లు దాటి, కనీసం ఏడాదిగా ఆడుతున్న పిల్లలకు ఈ శిక్షణ పనికివస్తుంది. అంతకంటే చిన్నవారికి మొదటి నాలుగు వారాలు చాలు, సగం రుసుముకు ఒప్పుకుంటారేమో అడగండి. బూట్లు మంచివి కొనండి, ఎందుకంటే ఆ పట్టాను నమ్ముకోలేము. మోకాలి కింద నొప్పి అంటే ఆ రోజే మాన్పించండి. చేర్చిన రోజు సాయంత్రమే ఇంటి గోడ మీద సుద్దతో ఒక గుర్తు పెట్టుకోండి.

దసరా సెలవుల్లో మూడు వారాల చిన్న శిక్షణ పెడుతున్నామని ఇటీవల ఫోను వచ్చింది. కరపత్రంలో ఈసారి అంగుళాల మాట లేదట. చాప మీద కొలిచి ఇస్తారా అని అడిగాను. "గోడకే కొలుద్దామండి మాస్టారూ, గోడకు తెల్ల సున్నం వేసి ఉంది, సుద్ద ఆనదేమో" అన్నాడు శిక్షకుడు. నీలం సుద్దముక్కల డబ్బా నేను తెస్తానని చెప్పి ఇద్దరి పేర్లూ రాయించాను.